ఎవరూ పెట్టని సంతకం

పోయిన వారం మనం నవనీతను వావిలకుంట మండలాఫీసులో, కంప్యూటర్ గది గుమ్మం దగ్గర, చేతిలో ఒక కాగితంతో నిలబెట్టి వచ్చాం. వారమంతా పాపం అలాగే నిలబడి ఉందనుకోకండి. కథలో గడిచింది ఒక్క రాత్రే. ఆ రాత్రి ఆమెకు కంటిమీద కునుకు లేదన్నది మాత్రం నిజం.

కాగితం సంగతి మరిచిపోయిన వాళ్ళ కోసం రెండు ముక్కలు. దేవవ్వ అనే ముసలామె దాన్ని పట్టుకొచ్చింది. ఆమె కొడుకు కొమురెల్లి మస్కట్‌లో చనిపోయాడనీ, అతని వారసుడు ఫలానా వాడనీ, తహసీల్దారు మమతారాణి మేడం డిజిటల్ సంతకంతో సహా అందులో అచ్చయి ఉంది. ఆ ఫలానా ఎవరో ఊళ్ళో ఎవరికీ తెలియదు. కొమురెల్లి మాత్రం ఆ పొద్దున్నే వీడియో కాల్‌లో కనబడి "తిన్నవా అవ్వా" అని అడిగాడట. మేడం ఆ సంతకం పెట్టలేదు. అది పడిన సమయం గురువారం మధ్యాహ్నం ఒంటిగంట నలభై. ఆ రోజు సీనియర్ అసిస్టెంట్ మంజుల కొడుకు పుట్టువెంట్రుకలకని ఆఫీసు ఆఫీసంతా వేములవాడ పోయింది. మేడం కరీంనగర్‌లో మీటింగులో ఉంది. ఉన్నది కంప్యూటర్ ఆపరేటర్ నవనీత ఒక్కతే. సంతకం పడాలంటే డాంగిల్ ఉండాలి. చిన్న పెన్‌డ్రైవ్ లాంటిది, మేడం సంతకం అందులోనే ఉంటుంది. దానికి ఒక పిన్ నంబరు. ఆ నంబరు తెలిసింది లోకంలో ఇద్దరికే, మేడంకూ నవనీతకూ.

ఇంకేం కావాలి? పొద్దున ఆఫీసులో అడుగుపెట్టేసరికి అందరూ ఫైళ్ళలో తలలు దూర్చారు. తొమ్మిదేళ్ళుగా ఆమె టిఫిన్ డబ్బాలో చెయ్యి పెట్టి చింతకాయ తొక్కు తినే మంజుల కూడా తలెత్తలేదు.

మేడం ఒక్కతే సూటిగా మాట్లాడింది. "నేను నాలుగు గంటలకు వస్త నవనీతా. కరీంనగర్ నుంచి పరశురాములును పిలిపించిన, ఆయన మిషన్ చూస్తడు. నేనొచ్చేలోపు ఎవరు పెట్టిన్రో తేలాలె. తేలకపోతే పోలీసోళ్ళకు రాసిస్త. గా సంతకం నాది. నా సంతకంతోని బతికున్న మనిషిని సంపిన్రు."

ఆమె అరిచినా బాగుండేదనిపించింది నవనీతకు. అరవలేదు. జీపెక్కి వెళ్ళిపోయింది. ఔట్‌సోర్సింగ్ ఉద్యోగం, పోతే పోయింది. కానీ జైలంటే? రెండో తరగతి చదివే కూతురు బడిలో ఎవరో ఒకరు "మీ అమ్మ దొంగసంతకాలు పెట్టిందట" అంటే? అంతకు మించి ఆలోచించడానికి ఆమెకు ధైర్యం చాలలేదు.

పరశురాములు పదకొండున్నరకు వచ్చాడు. కరీంనగర్ మంకమ్మతోటలో కంప్యూటర్లు బాగుచేసే దుకాణం ఆయనది. యాభై దాటాయి, కళ్ళద్దాలు ముక్కు కొసన ఉంటాయి, మాట తక్కువ. వచ్చి నవనీత కుర్చీలో కూర్చున్నాడు. తన గదిలో తాను నిలబడటం తొమ్మిదేళ్ళలో ఆమెకదే మొదలు.

ఆయన చూపు ముందుగా మానిటర్ నుదుటన అంటించిన చీటీ మీద పడింది. గుండ్రటి అక్షరాల్లో రాసి ఉంది: "జావా అప్‌డేట్ నొక్కొద్దు. నొక్కితే పని బంద్." దాని మీద మూడు కుంకుమ బొట్లు.

"గిది ఎవరు రాసిన్రమ్మా?"

"నేనే అన్నా."

"మరి బొట్లు?"

"దసరకు మిషన్లకు పూజ చేస్తం గద. మానిటర్‌కు పెట్టినప్పుడు దానిక్కూడ పెట్టిన."

పరశురాములు నవ్వాడు. ఆ రోజు ఆయన నవ్వింది ఆ ఒక్కసారే.

తర్వాత ఒక్కొక్కటే తెరిచి చూడసాగాడు. సంతకం పెట్టే ప్రోగ్రాం జావా మీద నడుస్తుంది. ఆ జావా ఎప్పటిదో చూశాడు. దాని భద్రత ఎంతలో పెట్టారో చూశాడు. ఎక్కువ, మధ్యరకం, తక్కువ అని ఒక మీటలాగా ఉంటుందది. నవనీత మిషన్‌లో అట్టడుగుకు దిగి ఉంది. చూస్తున్న కొద్దీ ఆయన ముఖం ముడుచుకుంది.

"జావా ఏడు," అన్నాడు చివరికి. "గిది ఎప్పటి ముచ్చటమ్మా! దీన్ని చేసినోళ్ళే ఇడిసిపెట్టిన్రు. దీనికి ఎన్ని చిల్లులున్నయో, ఏ చిల్లుల నుంచి ఎట్ల దూరాల్నో దొంగలు ఎప్పుడో రాసిపెట్టుకున్నరు. కొత్తది ఏస్తె గా చిల్లులు పూడుతుండె. మీరు పూడనియ్యలే."

పొద్దుటి నుంచి భయంతో బిగుసుకుపోయిన నవనీతకు ఆ మాటతో ఉక్రోషం వచ్చింది.

"మేమెందుకు పూడనియ్యలేదో అడగవా అన్నా? కొత్త జావా ఏస్తె సంతకం ప్రోగ్రాం తెరుచుకోదు. గా ప్రోగ్రాం ఎవరో ఎప్పుడో రాసిపోయిన్రు, మళ్ళ ముట్టలే. మూడేండ్ల కింద జూన్ల మిషన్ దానంతటదే అప్‌డేటైంది. బడులు తెరిచే టైం. కులం సర్టిఫికెట్లు, ఆదాయం సర్టిఫికెట్లు, మూడొద్దులు ఒక్క సంతకం పడలే. లైను రోడ్డుదాక పోయింది. 'నా బిడ్డకు సీటు పోతే నీ ఇంటి ముంగట కూసుంట' అని ఒకామె నా చెయ్యి పట్టి గుంజింది. పైకి ఫోన్ చేస్తే ఏమన్నరు? 'పాతది ఏసుకోండ్రి' అన్నరు. కాయితం మీద రాసియ్యమంటే ఎవరూ రాసియ్యలే."

"హెచ్చరిక వస్తలేదా మరి? ప్రమాదమని?"

"వస్తది. రోజు వస్తది. రన్ అని నొక్కుత."

"రోజుకు ఎన్నిసార్లు?"

"ఎన్ని సంతకాలైతే గన్నిసార్లు."

ఆయనకు మాత్రం తెలియదా? ప్రమాదం అని రోజుకు వందసార్లు అరిచే దాన్ని మనిషి ఎన్నాళ్ళని వింటాడు? నవనీత వేలికి ఆ బొత్తాం ఎక్కడుందో కళ్ళు మూసుకున్నా తెలుసు. డాంగిల్ పొద్దున పెడితే సాయంత్రం దాకా మిషన్‌కే ఉంటుంది, పదేపదే తీసి పెడితే ప్రోగ్రాం బిగుసుకుపోతుంది. పిన్ నంబరు కూడా గుర్తుంచుకోమని మిషన్‌కే చెప్పి పెట్టింది. ఇందులో ఏదీ ఆమె ఎవరినో ముంచడానికి చేయలేదు. ఎండలో నిలబడిన జనం తొందరగా ఇంటికి పోవాలని చేసింది.

"గీ పాత జావా ఎక్కడి నుంచి వచ్చింది?" అని అడిగాడాయన.

నవనీత చూపు చీటీ మీదికి పోయింది. "నేను... నేను రాకముందు నుంచే ఉన్నదన్నా."

అబద్ధం. నోటి నుంచి వచ్చాక గానీ అది అబద్ధమని ఆమెకే తెలియలేదు. భయపడ్డ మనిషి నోరు అంతే, యజమాని మాట వినదు.

పరశురాములు మెల్లగా తెర మీద ఒక తేదీ చూపించాడు. "పోయినేడు ఏప్రిల్. నువ్వు తొమ్మిదేండ్ల సంది ఉన్నవట గద."

వరండాలో దేవవ్వ దగ్గు వినబడింది. ముసలామె పొద్దున్నే వచ్చి బెంచీ మీద కూర్చుంది, కాగితం సంగతి తేలందే కదలనని.

"అబద్ధమాడిన అన్నా," అంది నవనీత. "పోయినేడు కరీంనగర్‌ల ట్రైనింగయింది. అందరం జావా బాధనే చెప్పుకున్నం. పక్క కుర్చీల ఒకాయన కూసున్నడు, మెడల కార్డున్నది, కంపెనీ మనిషే అనుకున్న. 'నా దగ్గర మంచి జావా ఉన్నది, ఎప్పటికీ అప్‌డేట్ అడగదు' అని పెన్‌డ్రైవ్ ఇచ్చిండు. తెచ్చి ఏసిన. గంతే. నిజంగనే ఎన్నడూ అడగలే. ఎంత మంచిగ నడిచిందో!"

"ఆయన పేరు?"

"అడగలే."

పరశురాములు కళ్ళద్దాలు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నాడు. ఇంకో గంట మిషన్‌లోనే వెతికాడు. నవనీత తిండి తినలేదు, కూర్చోలేదు. రెండింటికి ఆయన "ఇటు రా అమ్మా" అని పిలిచాడు.

"సూడు. జావా పక్కపొంటి ఇంకోటి కూసున్నది. నీ పెన్‌డ్రైవ్‌ల నుంచి దిగింది. నువ్వు మిషన్ పెట్టంగనే గిది బయటోడికి తలుపు తీస్తది. నీ తెర మొత్తం వాడు సూడొచ్చు, నువ్వు చేసేదంతా వాడు చెయ్యొచ్చు. గురువారం ఒంటిగంట ముప్పై ఎనిమిదికి ఎవడో లోపటికొచ్చిండు. నలభైకి సంతకం పడ్డది. నలభై రెండుకు పోయిండు. గప్పుడు నువ్వు ఏడున్నవ్?"

నవనీత గుర్తుచేసుకుంది. "వెనుక నల్లకాడ టిఫిన్ డబ్బ కడుక్కుంటున్న."

"డాంగిల్?"

"మిషన్‌కే."

"అయితే నువ్వు పెట్టలేదమ్మా," అన్నాడు పరశురాములు. "నీ మిషన్ పెట్టింది, నువ్వు పెట్టలే. రాసిస్త, మేడంకు నేను రాసిస్త." అని తెల్లకాగితం తీసుకుని అక్కడికక్కడే నాలుగు వరుసలు రాశాడు.

నవనీత గోడకు ఆనుకుని కిందనే కూర్చుండిపోయి ఏడ్చింది. మంజుల తలుపు దగ్గరికి వచ్చి తొంగిచూసింది, ఏమనుకుందో ఒక గ్లాసు నీళ్ళు తెచ్చి పెట్టి వెళ్ళింది. నీళ్ళు తాగి కొంగుతో ముఖం తుడుచుకుంటే, బతికి బయటపడ్డాననిపించింది ఆమెకు.

అదిగో, అప్పుడడిగాడు పరశురాములు. ఏదో మామూలుగా, డాంగిల్ పీకి పక్కన పెడుతూ అడిగాడు.

"గీ జావా ఇంకెవరికన్న ఇచ్చినవా?"

నవనీత చేతిలో గ్లాసు అలాగే ఆగిపోయింది.

ఇచ్చింది. ఎందుకివ్వదు? కరీంనగర్ నుంచి ఆదిలాబాద్ దాకా మండలాఫీసుల ఆపరేటర్లకు వాట్సాప్‌లో ఒక గ్రూపుంది. రోజూ పొద్దున అందులో ఒకటే గోడు: జావా తెరుచుకోవట్లేదు, సంతకం పడట్లేదు, సారు తిడుతున్నడు. నవనీత మనసు ఊరుకోలేదు. తనకు దొరికిన మంచి జావాను గ్రూపులో పెట్టింది. ఎలా వేసుకోవాలో, భద్రత మీటను ఎక్కడికి దించాలో, ఏ హెచ్చరికకు ఏం నొక్కాలో ఫొటోలు తీసి మరీ పెట్టింది. అందరూ దండాలు పెట్టారు. అప్పటి నుంచి గ్రూపులో దానికి "నవనీతక్క జావా" అని పేరే పడిపోయింది. కొత్తగా చేరిన వాళ్ళు కూడా "అక్కా, నీ జావా పంపవా" అని అడిగేవారు. ఆమె గర్వంగా పంపేది. జీవితంలో ఆమెను జనం మెచ్చుకున్న సంగతి అదొక్కటే.

"ఎంతమందికి?" అన్నాడు పరశురాములు.

"ఇరవై ఎనిమిది ఆఫీసులు," అంది.

ఇరవై ఎనిమిది మిషన్లు. ఇరవై ఎనిమిది డాంగిళ్ళు, పొద్దున పెడితే సాయంత్రం దాకా తీయనివి. ఇప్పుడు ఈ మధ్యాహ్నం వేళ ఎంతమంది డబ్బాలు కడుక్కోవడానికి నల్ల దగ్గరికి పోయి ఉంటారో! కొమురెల్లి ఒక్కడే అనుకుంది నవనీత. ఎంతమంది కొమురెల్లులను చంపేశారో ఎవరికి తెలుసు?

"గ్రూపుల పెట్టు," అన్నాడాయన. "ఇప్పుడే. డాంగిళ్ళు పీకుమని, నెట్ బందు పెట్టుమని రాయి."

నవనీత ఫోను తీసింది. రాసింది. "అందరూ వెంటనే డాంగిల్ తీసేయండి. నేనిచ్చిన జావాలో దొంగ ఉన్నాడు." చదువుకుంది. చెరిపేసింది. "జావాలో ఏదో సమస్య ఉందట" అని రాసింది. అదీ చెరిపేసింది. 'ఏదో సమస్య' అంటే ఎవరు పీకుతారు? ఆ మాట రోజూ గ్రూపులో వచ్చేదే. 'నేనిచ్చిన' అని రాస్తేనే వాళ్ళు వింటారు. అలా రాస్తే అది తన చేత్తో తాను రాసిచ్చిన ఒప్పుకోలు. రేపు పోలీసులు ఆ ఒక్క ముక్కే ముందు పెడతారు. పరశురాములు రాసిన కాగితం బల్ల మీదే ఉంది. ఊరుకుంటే తాను ఒడ్డున పడ్డట్టే. ఎవరూ అడగరు.

"అన్నా, మేడం వచ్చినంక మేడమే చెప్తే కాదా?"

"మేడం వచ్చేది నాలుగ్గొట్టినంక. ఇప్పుడు రెండున్నరనే."

తలుపు దగ్గర అలికిడైంది. దేవవ్వ. కర్ర పట్టుకుని నిలబడింది.

"బిడ్డా, నా కొడుకు బతికున్నడని ఇంకో కాయితం రాసియ్యవా? గంతే గదా పని. ఇంటికి పోత. ఎడ్లకు నీళ్ళు పెట్టాలె."

"గంత అల్కగ కాదవ్వా," అన్నాడు పరశురాములు.

"సచ్చిండని రాసుడు అల్కగనే అయింది గద?" అంది దేవవ్వ. కోపంగా కాదు, అర్థం కాక అడిగింది. "వాడు వచ్చే నెల వస్తడట. వస్తే విమానంల రానిస్తరా, సచ్చినోడివని ఆపుతరా? గిదొక్కటి చెప్పు బిడ్డా, రాత్రి సంది నా పానం కొట్టుకుంటున్నది."

నవనీత ముసలామె ముఖంలోకి చూడలేకపోయింది. ఫోను వంక చూసింది. మొదటి మాటలే మళ్ళీ రాసింది, "నేనిచ్చిన" అన్నది అలాగే ఉంచింది. కళ్ళు మూసుకుని పంపేసింది.

పోయింది. ఇక వెనక్కి రాదు.

"రానిస్తరవ్వా," అంది దేవవ్వతో. "నీ కొడుకును తప్పకుండ రానిస్తరు. పోయి కూసో."

రెండు నిమిషాలు ఏమీ రాలేదు. తర్వాత ఒక్కొక్కటే జవాబులు రాలసాగాయి. "ఏందక్కా?" "నిజమా?" "తీసేసిన." "మా సారుకు ఏమని చెప్పాలె?" "తీసేసిన అక్కా." నవనీత వేళ్ళ మీద లెక్కపెట్టింది. పద్నాలుగు, పదిహేను, ఇరవై. ప్రతి 'తీసేసిన'కూ ఆమె ఊపిరి కొంచెం తేలికైంది. తప్పు చేస్తే చేసింది, కానీ ఆపగలిగింది. మేడం అర్థం చేసుకుంటుంది. పరశురాములన్న చెప్తాడు.

ఇరవై ఆరు దగ్గర ఫోను మోగింది. నరేశ్. చెన్నూరు దిక్కు ఒక మండలంలో ఆపరేటర్. నవ్వు ముఖం పిల్లగాడు, పోయినేడాదే పెళ్ళయింది. అందరూ వినాలని కాదు, తొందరలో స్పీకరు నొక్కింది నవనీత.

"అక్కా, డాంగిల్ పీకేసిన. పీకి మా లిస్టు తీసి సూసిన. మేము పెట్టని సంతకాలు పదకొండున్నయి అక్కా. పదకొండు మంది సచ్చిపోయిండ్రని ఉన్నది. అందుల ఇద్దరిని పొద్దున బస్టాండ్‌ల సూసిన నేను."

"అయ్యో నరేశ్..."

"ఆగు అక్కా, నన్ను చెప్పనియ్యి. ప్రతి కాయితానికి తయారు చేసినోళ్ళ పేరు లోపట పడతది గద. మా ఆఫీసుల పని చేసేది నేనొక్కన్నే. నా పేరు పడాలె. నీ పేరున్నది అక్కా. పదకొండిట్ల నీ పేరు, నీ లాగిన్. వావిలకుంట నవనీత అని సాఫ్ రాసున్నది. మా సారు నా పక్కనే ఉన్నడు. ఆయన సూసిండు. ఇప్పుడే ఎస్సైకి ఫోన్ చేసిండు."

లైను తెగిపోయింది.

తన లాగిన్. తన తెర అంతా చూసినవాడు తన లాగిన్ చూడకుండా ఉంటాడా? అది పరశురాములుకు తెలియదా? తెలుసు. తెలిసే ఉండాలి. ఆమె ఆయన వైపు తిరిగింది.

ఆయన ఆమెను చూస్తున్నాడు. పొద్దుటి చూపు కాదది.

"గా ట్రైనింగుల పెన్‌డ్రైవ్ ఇచ్చినాయన," అన్నాడు మెల్లగా. "ముఖమన్న యాదికున్నదా? ఆయన ఇయ్యంగ ఇంకెవరన్న సూసిన్రా?"

నవనీత కళ్ళు గట్టిగా మూసుకుని వెతికింది. పక్క కుర్చీ. నీలం రంగు కార్డు తాడు. ముఖం ఉండవలసిన చోట ఏమీ లేదు.

"లేదన్నా. ఎవరూ సూడలే."

బయట జీపు ఆగింది. నాలుగు కాలేదింకా. మేడం ఎప్పుడూ ఒక్కతే దిగుతుంది. ఈసారి ఒకటి తర్వాత ఒకటిగా నాలుగు తలుపులు పడిన చప్పుడైంది. మంజుల కుర్చీ వెనక్కి జరిపి లేచి నిలబడింది.

పరశురాములు బల్ల మీద తాను రాసి పెట్టిన కాగితాన్ని తీసుకున్నాడు. ఒకసారి చదువుకున్నాడు. దాన్ని నాలుగు మడతలు పెట్టి తన జేబులో వేసుకున్నాడు.

"మేడంకు నేనేం చెప్పాల్నో నాకే తెలుస్తలేదు నవనీతా," అన్నాడు.

పొద్దుటి నుంచి ఆయన ఆమెను అమ్మా అనకుండా పేరు పెట్టి పిలవడం అదే మొదటిసారి.